ముందు ఆ అవ్వ ఇంటికి పో, తల్లీ

ఆదోని

చిన్నీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ మూడో తరగతి పాప వాళ్ల అమ్మానాయన గుంటూరుకు సుగ్గికి, అదే కూలిపనులకు వలస పోయినారని, ఇంట్లో అవ్వ ఒక్కతే ఉందని, ఆ పాపను ఆస్పరిలో నీ రూముకే తెచ్చి పెట్టుకుంటానంటున్నావట. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే పిల్లల ఆకలి కనిపెట్టే టీచరమ్మవయినావు. ఎంత సంబరపడ్డానో! తెల్లవారేసరికి మాత్రం భయం పట్టుకుంది.

మామూలు పనులు నీకు తెలిసినవే. మధ్యాహ్నం పక్కన కూర్చుని కడుపునిండా తినిపించు. వలసపోయినవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టల్ తెరిచారేమో మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడుగు. ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే ఆలోచించొద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. రూములో పెట్టుకుంటానంటావా, హెడ్మాస్టరుకు చెప్పకుండా ఒక్క రాత్రి కూడా వద్దు. చూసేవాళ్లు లేని బిడ్డను ఎక్కడ ఉంచాలో తేల్చడానికి బాలల సంక్షేమ కమిటీ ఉంది. అది నువ్వూ నేనూ తేల్చేది కాదు. బదిలీలు ఉండే ఉద్యోగం మనది, 'నేనే నీకు అమ్మను' అని మాత్రం నోరు జారొద్దు.

ఇంకొకటి ఉంది. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1991లో ఆలూరు దగ్గర పల్లెలో పనిచేస్తున్నా. రెండో తరగతిలో ఒక పాప ఉండేది. వానలు లేక అమ్మానాయన మిరపకాయలు కోయడానికి పోయినారు, ఇంట్లో అవ్వ ఒక్కతే. పాప తల నిండా పేన్లు. గోకి గోకి మెడ వెనక పుండ్లు పడినాయి. పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు బడి అరుగు మీద కూర్చోబెట్టి, కత్తెర తీసుకుని జుట్టంతా కత్తిరించేసినా. మెడ దగ్గర ఒక పాయకు పసుపు దారం కట్టి ఉంది. మాసి నల్లబడింది. దాన్నీ కత్తిరించినా. తలంటి, నా డబ్బుతో కొన్న గౌను వేసి పంపించినా. ఆ పూటంతా పుణ్యం చేసినట్టే తిరిగినా.

సాయంత్రం అవ్వ వచ్చింది. అరవలేదు. చెత్తబుట్ట ఎక్కడుందని అడిగి, వెంట్రుకల్లో చెయ్యి పెట్టి ఆ దారం కోసం తడిమింది. పాపకు రెండేళ్లప్పుడు పెద్ద జబ్బు చేస్తే ఉరుకుంద ఈరన్న సామికి మొక్కుకున్న వెంట్రుకలట. శ్రావణంలో కూతురు తిరిగొస్తే పోయి ఇవ్వాలని దాచినవి. అవ్వకు చూపు ఆనదు, పేన్లు కనపడవు. ఆదివారం ఆదివారం ఆముదం మాత్రం తప్పకుండా పెట్టేదట.

"పేన్లు సంపినావు, సరే. సామికి ఏం సెప్పాల?" అనింది. అంతే.

నాలుగోరోజు ఇంటికి తాళం. కూలీల లారీలో పాపను కూడా గుంటూరుకు తీసుకుపోయినారు. మళ్లీ ఆ పాప బడికి రాలేదు. ఆ శ్రావణంలో ఉరుకుంద పోయి రెండు సోమవారాలు తలనీలాలిచ్చే చోట నిలబడినా. కనపడలేదు.

ఆ పాపకు నేనొక్కదాన్నే దిక్కనుకున్నా, చిన్నీ. ఇంట్లో ఎవరూ పట్టించుకోవట్లేదని నువ్వూ మీ అమ్మతో అన్నావట. పోయి చూసినావా? చూడకుండా ఎట్లంటావు? కోప్పడుతున్నానని బాధపడొద్దు, బంగారూ. నీ వయసులో నన్నెవరూ కోప్పడలేదు.

ఆదివారం నీ పాప వాళ్ల అవ్వ ఇంటికి పో. చీర, చక్కెర ఏమీ తీసుకుపోవద్దు. పాపకు ఏమిష్టం, ఎప్పుడు భయపడుతుంది, ఏ దేవుడికి మొక్కుకున్నారు, అడుగు. జొన్నరొట్టె పెడితే కాదనకుండా కూర్చుని తిను. రూము సంగతి ఆమె దగ్గర విన్నాక మాట్లాడుకుందాం. వచ్చేవారం నేనే బస్సెక్కి వస్తా.

మీ పెద్దమ్మ