బండి సందేహాలు: హబ్బు మీద చెయ్యి ఆనట్లేదా?

ప్రశ్న: మాది సీజే త్రీబీ, పాత మహీంద్రా జీపు. ముందు ఎడమ చక్రం ఊగుతోందంటే షెడ్డులో హబ్బు (చక్రం నడిమి భాగం) నట్టు బిగించి పంపారు. ఊగడం పోయింది గానీ, 20 కిలోమీటర్లు నడిపేసరికి హబ్బు మీద చెయ్యి ఆనట్లేదు. బేరింగులు మార్చేయాలా?
– ఓ పాఠకుడు, పాడేరు

జవాబు: ముందు విప్పి చూడండి, కొనడం సంగతి తర్వాత. మీ హబ్బులో ఉన్నవి ఎదురెదురు వాలుతో కూర్చున్న రెండు టేపర్ రోలర్ బేరింగులు, అంటే ఏటవాలు రోలర్లవి. లోపలి రింగును కోన్ అంటారు, బయటి రింగును కప్పు అంటారు. నట్టు బిగించేకొద్దీ రోలర్లు కప్పు వాలులో ఇరుక్కుంటాయి, వాటి లావు చివరలు కోన్ అంచును ఒరుసుకుంటాయి. వేడి అక్కడ పుడుతుంది. గ్రీజు కరిగి సీలు (గ్రీజును ఆపే రింగు) దాటిపోతుంది, ఎండిన రోలరు నీలం తిరుగుతుంది. ఈ బేరింగుకి వెంట్రుకవాసి ప్లే, అంటే వదులు కావాలి. మిల్లీమీటరులో పదోవంతు మించకూడదు, అసలు లేకుండానూ ఉండకూడదు.

వెనక చక్రాలకి దిమ్మలు పెట్టి, ముందు యాక్సిల్‌ని జాకీతో లేపి స్టాండు మీద దించండి. చక్రం తిప్పితే బరువుగా ఉందా? అయితే బ్రేకు అడ్జస్టరు వదులు చేసి మళ్ళీ తిప్పండి. బ్రేకు లైనింగు డ్రమ్ముకి పట్టేసినా హబ్బు ఇలాగే కాలుతుంది, నింద మాత్రం బేరింగు మీద పడుతుంది. ఇకముందు ఎప్పుడైనా చక్రం ఊగితే పైనా కిందా పట్టుకుని ఊపుతూ, ఒకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఊగడం ఆగితే బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్ను (స్టీరింగుతో చక్రం పక్కకి తిరిగే పిన్ను).

విప్పేటప్పుడు హబ్బు మూత, సర్‌క్లిప్పు (స్ప్రింగు రింగు), డ్రైవ్ ఫ్లాంజి (యాక్సిల్‌తో హబ్బును తిప్పించే పళ్ళెం) వరసగా వస్తాయి. ఫ్లాంజి వెనక షిమ్ములు (పల్చని రేకు బిళ్ళలు) ఉంటే ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకోండి, అన్నీ తిరిగి పడాలి. తర్వాత బయటి నట్టు, లాక్ వాషరు, లోపలి నట్టు. వీటికి బాక్సు పానా వాడండి. ఉలి, సుత్తి పెట్టి కొట్టే అలవాటు చాలా షెడ్లలో ఉంది. నట్టు మూలలు చెక్కుకుపోవడం ఒక నష్టం. లేచిన ఇనుప పెచ్చు సరాసరి బేరింగులో పడటం అంతకంటే పెద్దది.

కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక వెలుతురులో చూడండి. కంప్రెసరు గాలితో బేరింగును గిరగిరా తిప్పొద్దు, కేజ్ (రోలర్లను పట్టి ఉంచే చట్రం) పగిలితే రోలర్లు మొహాన పడతాయి. కప్పులో పెచ్చులు లేచినా, రోలర్ల వరసలో గుంటలు పడినా, నీలం తిరిగినా మార్చాల్సిందే. కోన్, కప్పు జతగా మార్చాలి. మీ మోడల్లో లోపలిదీ బయటిదీ ఒకటే: కోన్ 18590, కప్పు 18520. పాతదాని మీది నంబరుతో సరిచూసుకుని కొనండి. కొత్త కప్పును ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా కొట్టండి. అడుక్కి చేరగానే ‘డబ్ డబ్’ అన్న శబ్దం ‘ఖణ్’మని మారుతుంది.

ఇక బిగింపు. చక్రాన్ని తిప్పుతూనే లోపలి నట్టును, చక్రం పట్టేసేదాకా బిగించండి. దాంతో బేరింగులు తమ చోట కూర్చుంటాయి. అక్కణ్ణుంచి ఆరో వంతు చుట్టు వెనక్కి, అంటే ఆరు పలకల నట్టుకి ఒక పలక. లాక్ వాషరు నాలుక స్పిండిల్ (హబ్బు తిరిగే ఇరుసు) గాడిలో పడేట్టు వేసి, బయటి నట్టు గట్టిగా బిగించండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. బయటి నట్టు బిగుసుకుంటూ లోపలి నట్టును మరలో కాస్త లోపలికి నెడుతుంది, మీరు వదిలిన ప్లే కాస్తా తగ్గుతుంది. కాబట్టి ప్లే చూడాల్సింది రెండు నట్లూ బిగించాకే. సరిపోకపోతే మళ్ళీ విప్పి సరిచేయండి. కుదిరాకే వాషరు అంచు నట్టు పలక మీదకి మడవండి. పది కిలోమీటర్లు నడిపి చూస్తే హబ్బు గోరువెచ్చగా ఉండాలి, అంతే.

ప్రశ్న: హబ్బు నిండా గ్రీజు కూరితే ఎక్కువ కాలం వస్తుందా?
– ఓ రైతు, మధిర

జవాబు: రాదు. నిండా కూరిన గ్రీజు చిలికినట్టయి వేడెక్కి, సీలును తోసుకుని బ్రేకు లైనింగు మీద పడుతుంది. గ్రీజు ఉండాల్సింది రోలర్ల మధ్య. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును దానికేసి నొక్కుతూ పోండి. సన్నని అంచులోంచి పైకి పొడుచుకొచ్చేదాకా చుట్టూ నొక్కాలి. హబ్బు లోపల కప్పుల ఎత్తు వరకు పూత చాలు. లిథియం రకం, అంటే దుకాణంలో ఏపీ త్రీ అని అడిగేది వాడండి. చాసిస్ గ్రీజు సుమారు 100 డిగ్రీలకే కరిగిపోతుంది.

వాగులు దాటే బండైతే విప్పినప్పుడల్లా సీలు మార్చండి. కాలిన హబ్బు నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, అరిగిన సీలు సందులోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. గ్రీజు మజ్జిగలా తెల్లబడిందంటే అదే. నల్లగా, నూనెలా పల్చగా కారుతుంటే మాత్రం యాక్సిల్ లోపలి సీలు పోయి డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య గేర్ల పెట్టె) ఆయిల్ వస్తోందని.

ప్రశ్న: మారుతీ 800 ముందు చక్రం గుయ్యిమంటోంది. నట్టు బిగిస్తే పోతుందా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: పోదు. అందులోవి బాల్ బేరింగులు, సర్దుబాటు లేదు, మార్చడమే. రోడ్డు మారితే శబ్దం మారుతుంటే మాత్రం ముందు టైర్లను అనుమానించండి. స్టీరింగు ఎడమకి తిప్పినప్పుడు మోత పెరిగితే కుడి బేరింగు, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమది.