మొరిగే ముందు నోరు మూస్తుంది, అది గమనించండి

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. మా చంటిగాడు రెండేళ్ల నాటు కుక్క, వానల్లో కాలవ గట్టున దొరికితే తెచ్చుకున్నాం. ఇంట్లో ఉన్నంతసేపూ బంగారం, మా అత్తయ్య కాళ్ల దగ్గరే పడుకుంటాడు, పాప చెవులు లాగినా ఏమీ అనడు. గేటు దాటితే మాత్రం వీడేనా అనిపిస్తుంది. ఇంకో కుక్క కనిపిస్తే చాలు, అది ఎంతో దూరంలో ఉన్నా గొలుసు తెగేలా లాగి, వెనక కాళ్ల మీద లేచి అరుస్తాడు. మొన్న టిఫిన్ బండి దగ్గర నన్ను కింద పడేశాడు, మోచెయ్యి గీరుకుపోయింది. "ఏందమ్మా, ఇట్టాంటి కుక్కను పెట్టుకోని రోడ్డు మీదికి ఎట్టా వస్తావు" అని ఒకాయన అందరి ముందూ అనేసరికి ఏడుపొచ్చింది. వీడియోలు చూసి చోక్ చైన్, అదే లాగితే మెడకి బిగుసుకునే గొలుసు, కొన్నాం, రెండు రోజులు తగ్గినట్టే తగ్గి ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. వాకింగ్ టైమ్ అవుతోందంటేనే నాకు టెన్షన్. మా ఆయన ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లీ, మోచేతి దెబ్బకి టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారా? ముందు అది చూసుకోండి, తర్వాత చంటిగాడి సంగతి.

వాడు చెడ్డ కుక్క కాదు, మీ పెంపకమూ చెడ్డది కాదు. ఇలాంటి వాటిని రియాక్టివ్ డాగ్స్ అంటారు. మామూలు కుక్క ఒకసారి చూసి ఊరుకునే దానికి ఇవి పదింతలు ఎగిరిపడతాయి. కొన్ని అవతలి కుక్క దగ్గరికి పోనివ్వలేదన్న ఉక్రోషంతో అరుస్తాయి, ఎక్కువ భాగం మాత్రం భయంతోనే. కుక్కపిల్లకి సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకు లోకాన్ని పరిచయం చేసుకునే వయసు, అప్పుడు ఏది మంచిగా అనుభవమైతే అది జీవితాంతం మామూలుగా అనిపిస్తుంది. మీ వాడు ఆ వయసులో కాలవ గట్టు మీద ఏం చూశాడో, ఎన్ని కుక్కలు తరిమాయో మనకి తెలియదు.

గొలుసు లేని కుక్క భయమేస్తే పారిపోతుంది, లేదంటే పక్కగా చుట్టు తిరిగి వెళ్లిపోతుంది. గొలుసున్న కుక్కకి ఆ దారి లేదు కాబట్టి "దగ్గరికి రావద్దు" అని అరుస్తుంది. అరిచాక ఏమవుతుంది? అవతలి కుక్క పోతుంది, లేదా మీరే వాడిని లాక్కుని ఇవతలికి వస్తారు, ఎలా జరిగినా మధ్యలో దూరం పెరిగింది, అంటే అరిస్తే పని జరిగిందని వాడికి అర్థమైంది. రోజుకి రెండుసార్లు ఈ పాఠం మనమే నేర్పిస్తున్నాం.

ఆ చోక్ చైన్ ఈరోజే తీసేయండి. దీని గురించి నాకు స్వయంగా తెలుసు. మా కుక్క కర్రోడు ఇలాగే ఉండేవాడు, ఒక ట్రైనర్ మాట విని నేనూ వేశాను. నిజంగానే మొరగడం మానేశాడు, గుర్రుమనడం కూడా మానేశాడు, నేను సంతోషపడ్డాను. నెల తిరక్కముందే ఒకరోజు ఏ చప్పుడూ చేయకుండా పక్క సందులో కుక్క మెడ పట్టేశాడు. భయం ఎక్కడికీ పోలేదు, భయపడుతున్నానని చెప్పే నోరు మాత్రం నొక్కేశాను. పైగా కుక్క కనిపించిన ప్రతిసారీ మెడ దగ్గర నొప్పి పుడితే, ఆ నొప్పి ఆ కుక్క వల్లే అనుకుంటుంది గానీ మన వల్ల అనుకోదు కదా. మెడకి కాకుండా ఒంటికి తొడిగే పట్టీ, ఛాతీ దగ్గర కూడా రింగు ఉన్న హార్నెస్ ఒకటి, ఆరడుగుల గట్టి నవారు లీష్ ఒకటి కొనండి, చాలు. లీష్‌ని చేతికి చుట్టుకోకండి, వేళ్లు విరిగినవాళ్లున్నారు. పిడిని బొటనవేలికి తగిలించి గుప్పిట మూసి ఆ చేతిని పొట్టకి ఆనించుకోండి, లాగినప్పుడు ఒక కాలు వెనక్కి వేసి మోకాళ్లు కొంచెం వంచితే పడరు.

ఇక అసలు మందు దూరం. వాడు ఇంకో కుక్కని చూసి కూడా మీ వైపు తిరగగలిగిన దూరం ఒకటి ఉంటుంది, అది యాభై అడుగులు కావచ్చు, రెండొందలు కావచ్చు. అది ఎంతో కనిపెట్టడమే మీ మొదటి వారం పని. మాగుంట లేఅవుట్ సందుల్లో అంత జాగా దొరకదు, నాకు తెలుసు. బండి మీదో ఆటోలోనో ఊరి చివరకి తీసుకెళ్లండి, సరిహద్దు రాళ్లు పాతి వదిలేసిన ఖాళీ వెంచర్లు ఇప్పుడు నాలుగు వైపులా ఉన్నాయి, పెన్నా ఒడ్డు ఇసుక ఉంది. అక్కడ కుక్క వస్తోందంటే అర ఫర్లాంగు ముందే కనిపిస్తుంది. వారానికి రెండు మూడు రోజులు అలా వెళ్లినా సరిపోతుంది, మిగతా రోజులు తెల్లవారకముందే ఇంటి చుట్టుపక్కల ఐదు నిమిషాలు తిప్పి తెచ్చేయండి. టిఫిన్ బండి, చెత్త కుండీ, ఆదివారం పూట చికెన్ కొట్టు, ఈ మూడు చోట్లా వీధికుక్కలు కాపు కాసి ఉంటాయి, ఆ దారి వదిలేయండి.

ఆ దూరంలో చేయాల్సింది చాలా చిన్న పని. ఉప్పు, కారం, ఉల్లిపాయ ఏమీ వేయకుండా ఉడికించిన చికెన్, లేదా కోడి కార్జం, శనగగింజ అంత ముక్కలు చేసి సంచిలో పెట్టుకోండి. వాడు కుక్కని చూశాడు, వెంటనే ముక్క. ఇంకా చూస్తున్నాడు, ఇంకో ముక్క. కుక్క సందు తిరిగి కనబడకుండా పోయింది, ముక్కలు ఆగిపోయాయి. వరస తప్పకూడదు, ముందు కుక్క కనబడాలి, తర్వాతే చికెన్. మీరు కంగారుపడి ముందే చికెన్ తీశారంటే, చికెన్ వచ్చిందంటే ఎక్కడో ప్రమాదం ఉందన్నమాట అని నేర్చుకుంటాడు. మరి అరిచే కుక్కకి మేత పెడితే అరుపు ఎక్కువవదా అని అందరూ అడుగుతారు. భయం అనేది లంచానికి పెరిగేది కాదమ్మా. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే వణికిపోయే పీటర్ అనే పిల్లవాడికి ఇష్టమైనవి తినిపిస్తూ, కుందేలు బోనుని ముందు దూరంగా పెట్టి, మెల్లమెల్లగా దగ్గరికి జరుపుతూ వచ్చింది. చివరికి వాడు కుందేలుని చేత్తో నిమిరాడు. వందేళ్లయింది, కుక్కలకి ఇప్పటికీ ఇంతకన్నా మంచి దారి లేదు.

మీరు చూడాల్సింది అవతలి కుక్కని కాదు, చంటిగాడి మూతిని. నడుస్తున్నప్పుడు నోరు తెరిచి నాలుక వేలాడేసి ఉంటాడు కదా, కుక్క కనబడగానే ఆ నోరు టక్కున మూసుకుంటుంది. చెవులు ముందుకి వస్తాయి, బరువంతా ముందుకాళ్ల మీదికి వస్తుంది, తోక కర్రలా బిగుసుకుంటుంది, భుజాల మధ్య వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఇదంతా రెండు మూడు క్షణాల్లోనే జరిగిపోతుంది, మొరగడం ఆ తర్వాత. నోరు మూసుకున్న ఆ క్షణంలో మీరు వెనక్కి తిరిగితే వస్తాడు, మొరుగుడు మొదలయ్యాక దేవుడు పిలిచినా వినడు. ఇంకో గుర్తు, చికెన్ ముక్క మూతి ముందు పెట్టినా తినకపోయినా, మీ వేళ్లు కూడా కలిపి గబుక్కున అందుకున్నా, మీరు ఉండాల్సిన దానికన్నా దగ్గరలో ఉన్నారన్నమాట. ఆ పూటకి పాఠం వద్దు, దూరం జరగండి. వెనక్కి తిరగడాన్ని ముందు ఇంట్లో హాల్లో నేర్పండి, "పద పద" అని హుషారుగా అనడం, వాడు మీతో తిరగగానే ముక్క పెట్టడం, రోజుకి పదిసార్లు వారం పాటు. అప్పుడే రోడ్డు మీద ఆ మాట పనిచేస్తుంది. మీ చెయ్యి కూడా గమనించుకోండి, కుక్కని చూడగానే మీకు తెలియకుండానే లీష్ బిగబట్టేస్తారు, ఆ బిగువు నేరుగా వాడి ఒంట్లోకి పోతుంది.

మన ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది, విదేశీ వీడియోల్లో చెప్పనిది. మన కుక్క దూరంగా ఉన్నా వీధికుక్కలు వాటంతట అవే మీదికి వస్తాయి. పరిగెత్తకండి, పరిగెత్తితే గుంపంతా వెంటపడుతుంది. చంటిగాడిని మీ వెనక్కి తెచ్చుకుని, గుప్పెడు మేత వాటి మూతుల ముందు నేల మీద చల్లి, అవి ఏరుకుంటుండగా ఆగి ఉన్న కారునో ఆటోనో అడ్డం పెట్టుకుని వచ్చేయండి. రోజూ ఒకే దారిన వెళ్తే ఏ సందు ఏ గుంపుదో మీకే తెలిసిపోతుంది, చాలావరకు అవి వాటి హద్దు దాటి రావు.

ఒకసారి గట్టిగా గొడవైన రోజు, దీపావళి టపాసుల రాత్రి తర్వాత, మరుసటి రోజు వాకింగ్ మానేయండి. ఆ కంగారు ఒంట్లోంచి దిగడానికి గంటలు కాదు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది, దాని మీద ఇంకోటి, ఇంకోటి పడితే నాలుగోరోజు ఆకు కదిలినా అరుస్తాడు. వాకింగ్ మానేస్తే పాపం కదా అనుకోకండి. పాత తువ్వాలులో మేత చుట్టి ముడేసి ఇవ్వండి, మేడ మీద పది చోట్ల ముక్కలు దాచి వెతకనివ్వండి, ముక్కుతో పావుగంట వెతికితే కుక్క హాయిగా పడుకుంటుంది. వేసవిలో మనకి ఎలాగూ ఎండ ఉంది, రోడ్డు మీద అరచెయ్యి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే వాడి పాదాలకీ అది వాతే.

పశువుల డాక్టర్‌కి ఒకసారి చూపించండి. చెవిలో చీము, తుంటి నొప్పి, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, వీటిలో ఏదున్నా కుక్క చిరాకుగా ఉంటుంది, ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. నొప్పి అని మన మాత్రలు మాత్రం వేయకండి, ఐబూప్రోఫెన్ కుక్కలకి విషం. భయం మరీ ఎక్కువైతే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు డాక్టర్లు ఇస్తారు, పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందులో తప్పేమీ లేదు.

పాప చెవులు లాగుతుందని ముద్దుగా రాశారు. దయచేసి ఆపించండి. బయట అంత భయం మోస్తున్నవాడు ఇంట్లోనూ ఓర్చుకోవాలంటే ఎలా? వాడికంటూ ఒక మూల, అక్కడికి వెళ్లి పడుకుంటే పాపతో సహా ఎవరూ కదిలించకూడదు.

మీ ఆయనకి నా మాటగా చెప్పండి, ఇలాంటి కుక్కని ఇంకొకరికి ఇస్తే ఆ ఇంట్లోనూ ఇదే జరుగుతుంది, వాళ్లు ఇంకొకరికి ఇస్తారు, ఆఖరికి ఏ హైవే పక్కనో వదిలేస్తారు. ఆరు నెలలు టైమ్ అడగండి. అందరి కుక్కలతో ఆడుకునే చంటిగాడు తయారు కాకపోవచ్చు. మా కర్రోడు పన్నెండేళ్లు బతికాడు, చివరిదాకా ఏ కుక్కతోనూ స్నేహం చేయలేదు. కానీ నాలుగో ఏడు వచ్చేసరికి రోడ్డుకి అటువైపు కుక్క కనబడితే ఆగి, దాన్ని ఒకసారి చూసి, తల తిప్పి నా సంచి వైపు చూసేవాడు. మొదటిసారి అలా చూసిన రోజు నేను రోడ్డు మీదే కూర్చుని వాడిని పట్టుకుని ఏడ్చాను.

ప్రశ్న: మేడమ్, మాది కావలి. మా కుక్కకి టీకాలన్నీ వేయించాం. మొన్న వాకింగ్‌లో పక్కింటి అబ్బాయి వెనక నుంచి వచ్చి ముట్టుకుంటే చేతి మీద పన్ను పడింది, కొంచెం రక్తం వచ్చింది. టీకా ఉంది కదా, పసుపు రాస్తే చాలు అంటున్నారు పెద్దవాళ్లు. నిజమేనా?

జవాబు: చాలదు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపే మీకు ఫోన్‌లో చెప్పించాను, అయినా అందరి కోసం రాస్తున్నాను. కరిచిన చోట సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితమే. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి గాయం దగ్గర ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్ నుంచి కాపాడే మందు) గురించి కూడా డాక్టర్‌ని అడగండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లనే భయం ఇంకా జనంలో ఉంది, అవి ఎప్పుడో పోయాయి. కుక్కని పది రోజులు ఇంట్లోనే ఉంచి కనిపెట్టండి, టీకా కార్డు ఆ అబ్బాయి ఇంట్లోవాళ్లకి చూపించండి, ఆసుపత్రి ఖర్చేదైనా ఉంటే మీరే పెట్టుకోండి.

మొరిగే కుక్క కరవదు అనే సామెతని నమ్ముకోవద్దు. తప్పించుకునే దారి లేకపోతే ఏ కుక్కైనా కరుస్తుంది. మీ కుక్కకి చిక్కం అలవాటు చేయండి, నూర్చేటప్పుడు ఎద్దుల మూతికి కట్టేవాళ్లం, అదే. నోరు తెరిచి వగర్చడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట రకం కొనండి, నోటిని బిగించి కట్టే గుడ్డ రకం మన ఎండలకి పనికిరాదు. మొదట పది రోజులు కట్టొద్దు, చిక్కం అడుగున కార్జం ముక్క వేసి, మూతి దానంతట అదే లోపల పెట్టనివ్వండి. పిల్లలకి ఒక మాట చెప్పండి, ఎవరి కుక్కనైనా అడగకుండా, వెనక నుంచి ముట్టుకోకూడదని.

ప్రశ్న: అక్కా, ఒంగోలు నుంచి రాస్తున్నాను. మా ఆడకుక్క మనుషుల్ని చూస్తే అరుస్తుంది. ఆపరేషన్ చేయిస్తే తగ్గిపోతుందని మా మామ అంటున్నాడు.

జవాబు: ఆపరేషన్ చేయించు తమ్ముడూ, పిల్లలు పుట్టకుండా ఉంటాయి, గర్భసంచిలో చీము పట్టే జబ్బు తప్పుతుంది. భయం మాత్రం దానితో పోదు, పైన చంటిగాడికి చెప్పిందే దీనికీ, కుక్కల బదులు మనుషులు, అంతే తేడా. ఇంటికి వచ్చేవాళ్లందరికీ చెప్పు, దాని కళ్లలోకి చూడొద్దు, వంగి తల మీద చెయ్యి పెట్టొద్దు, వచ్చి కూర్చుని దాన్ని పట్టించుకోకుండా కాఫీ తాగమను. మీ మామతోనే మొదలుపెట్టు.