వేట లీజులో నెట్‌వర్క్ కెమెరాలతో జింకల లెక్క: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. టెక్సాస్‌లో జంక్షన్ ఊరి దగ్గర మీ స్నేహితులంతా కలిసి 300 ఎకరాల వేట లీజు (వేటాడటానికి అద్దెకిచ్చే భూమి) తీసుకున్నారనీ, జంతువు కదిలితే వాటంతటవే ఫోటో తీసి ఫోన్‌కి పంపే ట్రైల్ కెమెరాలు కొనబోతున్నారనీ మీ అమ్మ చెప్పింది. కొనేముందే ఈ ఉత్తరం చదువు.

కెమెరా ఎందుకన్నది ముందు తేల్చుకోండి. ఫోన్ మోగినప్పుడల్లా జింకని చూసి మురిసిపోవడానికే అయితే ఏ కెమెరా అయినా చాలు. మీ నేల మీద మగవెన్ని, ఆడవెన్ని, ఈ ఏడాది పుట్టిన పిల్లల్లో ఎన్ని బతికాయి అన్నది తెలియాలంటే మాత్రం పద్ధతి కావాలి. ఈ వేట సీజన్లో ఎన్ని ఆడజింకల్ని వేటాడి తీయాలి, ఏ మగదాన్ని ఇంకో ఏడాది వదిలేయాలి అన్న నిర్ణయాలన్నీ ఆ లెక్క మీదే ఆధారపడతాయి.

మొదట సిగ్నల్ సంగతి. కొండల మధ్య వాగుల్లోనే జింకల దారులుంటాయి, అక్కడే సిగ్నల్ ఉండదు. అక్కడి పెద్ద ఫోన్ కంపెనీలైన వెరైజన్ ఫోన్ ఒకటి, ఏటీ అండ్ టీ ఫోన్ ఒకటి పట్టుకుని, కెమెరా కట్టాలనుకున్న ప్రతిచోటా నిలబడి ఒక ఫోటో పంపి చూడండి. ఫోన్ మీద సిగ్నల్ గీతలు లెక్కపెట్టడం కంటే ఫోటో వెళ్ళిందా లేదా అన్నదే నమ్మకమైన పరీక్ష. చవగ్గా దొరికే పాత 3జీ కెమెరాల జోలికి పోవద్దు. ఆ రెండు కంపెనీలూ 2022లోనే 3జీ ఆపేశాయి, అవిక ఫోటోలు పంపవు.

సిగ్నల్ ఉంటే ఒక్కో కెమెరాకి ఒక్కో ప్లాన్ పెట్టుకోవడం సులువు. లేకపోతే కడ్డీబ్యాక్ అనే కెమెరా కంపెనీ వాళ్ళ కడ్డీలింక్ లాంటి ఏర్పాటు చూడండి. అందులో కెమెరాలు ఒకదానికొకటి రేడియో ద్వారా ఫోటోలు అందించుకుంటాయి. గుట్ట మీద సిగ్నల్ అందేచోట పెట్టిన ఒక్క కెమెరాకే సెల్ ప్లాన్ చాలు. అయితే మధ్యలో ఉన్న కెమెరా బ్యాటరీ అయిపోయి, చుట్టుతిరిగి వెళ్ళే వేరే దారి లేకపోతే, దాని వెనకున్నవన్నీ మూగబోతాయి. అందుకని ఆ మధ్య కెమెరాకే అన్నిటికంటే మంచి బ్యాటరీ వేయాలి.

ఇక కట్టడం. కెమెరాని ఉత్తరం వైపు చూసేలా పెట్టు. తూర్పుకో పడమరకో పెడితే, జింకలు ఎక్కువగా తిరిగే పొద్దుటి పూటా సాయంత్రం పూటా ఎండ సూటిగా లెన్సులో పడి ఫోటో తెల్లగా పోతుంది. ఎత్తు నడుము దాకా, అంటే మూడడుగులు. దారి పక్కన కడితే అడ్డంగా కాకుండా దారి వెంట 45 డిగ్రీల వాలులో చూడాలి. అడ్డంగా పెడితే కెమెరా మేలుకునేలోపు జింక దాటిపోయి, తోక మాత్రమే మిగులుతుంది. జింకల్ని రప్పించడానికి మొక్కజొన్న పోసే చోటికి 15 నుంచి 20 అడుగుల దూరం ఉంచు.

మీ లీజులో ఆవులు కూడా మేస్తాయిగా? అవి కెమెరాకి మెడ రాసుకుని పక్కకి తిప్పేస్తాయి. అలాంటి చోట ఆరడుగుల పైన కట్టి, వెనక చెక్క ముక్క దోపి కిందికి వంచు. ముందు 15 అడుగుల మేర గడ్డి, వేలాడే కొమ్మలు కోసెయ్. లోపలి సెన్సర్ పట్టుకునేది కదలికని మాత్రమే కాదు, కదిలే వేడిని. ఎండకి కాగిన గడ్డి గాలికి ఊగితే దానికి అదీ జంతువే. ఇదే కారణంగా ఆగస్టు మధ్యాహ్నం గాలి వేడి జింక ఒంటి వేడికి దగ్గరవుతుంది కాబట్టి, ఎదురుగా జింక నడిచినా కెమెరా పట్టుకోకపోవచ్చు. అది కెమెరా లోపం కాదు. రాత్రిపూట దగ్గరి ఆకు ఒక్కటి అడ్డమున్నా ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీదే పడి, వెనకంతా నల్లగా వస్తుంది.

బ్యాటరీల్లో పొదుపు చెయ్యకు. ఆల్కలైన్ సెల్స్ వాడేకొద్దీ వోల్టేజి జారిపోతుంది, చలికి ఇంకా పడిపోతుంది. రాత్రి ఫోటోలు మసకబారడం దాని మొదటి గుర్తు. లిథియం ఏఏ సెల్స్ వేసి, పైన సోలార్ ప్యానెల్ తగిలించు. ప్యానెల్ దక్షిణం వైపు ఉండాలి, ఓక్ చెట్టు నీడ పడకూడదు. ఉడతలూ ఎలుకలూ ప్యానెల్ వైరు కొరుకుతాయి, ప్లాస్టిక్ గొట్టంలోంచి పంపు. సిగ్నల్ బలహీనంగా ఉంటే కెమెరా పదేపదే ప్రయత్నించి సెల్స్ తాగేస్తుంది. కాబట్టి ప్రతి ఫోటో వెంటనే పంపించే సెట్టింగ్ మార్చి, రోజుకి రెండుసార్లు కలిపి పంపేలా పెట్టు. కెమెరా తలుపు తెరిచేముందు చేతికి గ్లవ్స్ ఉండాలి. బ్యాటరీ గదిలో ఫైర్ యాంట్స్ అనే కుట్టే చీమలు, అడుగున కందిరీగలు గూడు కడతాయి. చెట్టు మొదట్లో రాటిల్‌స్నేక్ అనే విషపాము ఉందేమో చూసుకున్నాకే చెయ్యి పెట్టు.

ఇప్పుడు అసలు పని, లెక్క. 100 ఎకరాలకి ఒక కెమెరా, అంటే మీకు మూడు. 300 ఎకరాలని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్క నడిమధ్యకి దగ్గరగా, జింకలు ఇప్పటికే తిరిగే చోటు చూడండి. కంచె పక్కన పెట్టొద్దు. సమయం ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా. అప్పటికి కొమ్ములు పూర్తిగా పెరిగి ఉంటాయి, పిల్లలు తల్లుల వెంట తిరుగుతుంటాయి. ఓక్ కాయలు రాలడం మొదలైతే జింకలు మొక్కజొన్న వైపు రావడం తగ్గిస్తాయి, లెక్క చెడుతుంది.

కెమెరా ఆన్ చేసే ముందు వారం పది రోజులు మొక్కజొన్న అలవాటు చెయ్యండి. తర్వాత 14 రోజులు ఏ పూటా గింజ అయిపోకుండా చూడండి. సంచి మీద అఫ్లాటాక్సిన్ (బూజు నుంచి పుట్టే విషం) 20 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 20) లోపు అని ఉన్నదే కొనండి. ఒకేసారి గుట్టగా పోస్తే వానకి తడిసి బూజు పడుతుంది, కొంచెం కొంచెంగా పోయండి. అడవి పందుల బెడదకని కొందరు ఫీడర్ (గింజ వేసే డబ్బా) చుట్టూ ఇనుప ప్యానెళ్ళు కడతారు. పెద్ద జింకలు దూకి లోపలికొస్తాయి గానీ పిల్లలు బయటే ఉండిపోతాయి, దాంతో పిల్లల లెక్క అబద్ధమవుతుంది. లెక్క కోసం పోసే గింజ ఆ ప్యానెళ్ళ బయటే ఉండాలి.

సెట్టింగ్: ఒక్కసారికి ఒక్క ఫోటో, మధ్య విరామం 5 నిమిషాలు. అలా పెట్టినా ఒక కెమెరా రోజుకి 288 ఫోటోలు తీయగలదు. నెలకి వంద ఫోటోల ప్లాన్ ఉంటే మొదటి రోజే ఐపోతుంది. ఫోన్‌కి వచ్చేవి చిన్న సైజు ఫోటోలు, కెమెరా పనిచేస్తోందా, గింజ ఉందా అని చూడటానికి అవి చాలు. లెక్క మాత్రం ఎస్‌డీ కార్డులోని అసలు ఫోటోలతోనే చెయ్యాలి. కార్డు కంప్యూటర్లో కాదు, ఆ కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి.

లెక్క కట్టేది ఇలా. ప్రతి ఫోటోలో కనపడ్డ జింకలన్నీ రాసుకో, ఒకే ఫోటోలో ఆడజింకలు మూడుంటే మూడు. మగదో ఆడదో తెలియనివి వదిలెయ్. మగవాటిని కొమ్ముల తీరుని బట్టి విడదీయవచ్చు. ఎడమ ఎన్ని కొనలు, కుడి ఎన్ని, నుదుటి పక్కనున్న మొదటి కొనల పొడవు, చెవి చీలిక, పాత గాయం, గొంతు కింద తెలుపు ఆకారం చూడు. యాప్ చేసే గుర్తింపుని నమ్మకు, చిన్న కొమ్ముల మగపిల్లని అది ఆడజింక కింద వేస్తుంది. ఉదాహరణకి మగ జింకలు 240 సార్లు కనపడ్డాయనుకో, విడదీస్తే వేర్వేరు మగవి 12 తేలాయనుకో. 12ని 240తో భాగిస్తే 0.05. ఆడవీ పిల్లలూ మగవాటిలాగే సగటున అన్నేసిసార్లు కనపడతాయని అనుకుని, వాటికీ ఇదే అంకె వాడతాం. ఆడవి 400 సార్లు కనపడితే 400ని 0.05తో గుణించు, 20 ఆడజింకలు. పిల్లలు 160 సార్లు కనపడితే 8. అంటే మగదానికి 1.7 ఆడవి, పది ఆడవాటికి నాలుగు పిల్లలు.

ఈ 40 జింకలూ మీవే అనుకోవద్దు. 300 ఎకరాలు వాటికి చాలదు, సగం పక్క రాంచ్‌లో కూడా తింటూ ఉంటాయి. మీకు పనికొచ్చేది ఆ నిష్పత్తి, ఏటా అదే చోట, అదే తేదీల్లో, అదే విరామంతో తీసి పోల్చి చూసుకున్నప్పుడు. కెమెరా జరిపితే పోలిక పోయినట్టే.

మీ ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కొకటుంది. మన చుక్కల దుప్పి అక్కడ ఆక్సిస్ పేరుతో విచ్చలవిడిగా తిరుగుతుంది, 1932లో తెచ్చి వదిలినవాటి సంతతి. మీరు లెక్కపెట్టే వైట్‌టెయిల్ (తెల్లతోక జింక) పిల్లకి చుక్కలుంటాయి, పెద్దయ్యాక పోతాయి. దుప్పికి చివరిదాకా ఉంటాయి. రాత్రి ఫోటోలో చుక్కలు చూసి దుప్పిని పిల్ల కింద వేసేస్తే ఆ ఏడాది పిల్లలు బాగా బతికాయని పొరబడి, తీయకూడనన్ని ఆడజింకల్ని తీస్తారు. ఒంటి సైజు, మెడ పొడవు చూసుకోండి. దుప్పి మగదానికి ఏ నెలలోనైనా గట్టి కొమ్ములుండొచ్చు, ఒక్కో పక్క మూడు కొనలు. వాటికి వేరే కాలమ్ పెట్టండి. అక్కడ దుప్పికి మూసిన సీజన్ లేదు, లైసెన్సు మాత్రం కావాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడటం నేరం. సెలవులకి ఊరొచ్చినప్పుడు అక్కడి అలవాటు ఎవరికీ చెప్పి ఉత్సాహపరచకు.

కెమెరా ఫోటో చూసి అదే గంటలో తుపాకీ తీసుకుని పరిగెత్తడం నాకు ఇష్టం లేదు, జింకకి మిగిలిన అవకాశాన్ని అది తీసేస్తుంది. వేటలో పెద్ద కొమ్ముల రికార్డులు నమోదు చేసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ కూడా అప్పటికప్పుడు ఫోటో పంపే కెమెరాల సాయంతో కొట్టిన జంతువుని రికార్డుకి తీసుకోదు. రాష్ట్రాల చట్టాలూ వేరువేరు. అరిజోనాలో 2022 నుంచి వేట కోసం ట్రైల్ కెమెరా వాడటమే నిషేధం. టెక్సాస్ దాటి వేరే రాష్ట్రానికి వేటకెళ్తే అక్కడి నియమాలు ముందు చదువుకో. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ (వేటగాళ్ళ శిక్షణ) తప్పనిసరి, కాబట్టి మీరందరూ ఆ కోర్సు చెయ్యాలి.

కెమెరాలు పెట్టేచోట్లు భూమి యజమానికి చూపించి, ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించుకో. వాళ్ళ ఇంటివైపో పక్కవాళ్ళ కంచెవైపో లెన్సు తిరగకూడదు. సీజన్ అయ్యాక జనవరిలో సెల్స్ తీసేసి, కార్డులు కాపీ చేసి, ప్రతి కెమెరా చోటు జీపీఎస్ అంకెలతో రాసి పెట్టు. వచ్చే ఆగస్టులో అదే చెట్టుకి కట్టాలి.

సెప్టెంబరు లెక్క వచ్చాక కాలమ్‌లు పంపించు, తీయాల్సిన ఆడజింకల సంఖ్య ఎంత పెట్టాలో కలిసి చూద్దాం.

నీ మామయ్య