ఎలక్ట్రిక్ సైకిల్ కొనండి, కిస్తీల్లో మాత్రం వద్దు

ప్రశ్న: మాది అనంతపురం పాతూరు. ఎస్కే యూనివర్సిటీ వైపు ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను. జీతం 17 వేలు. మా ఆయన ఎలక్ట్రికల్ షాపులో చేస్తారు, ఆయనకు 16 వేలు. ఇంటి బాడుగ 7 వేలు. కాలేజీకి పోను పది కిలోమీటర్లు, రాను పది. పాత స్కూటర్ మీద వెళ్తాను. సాయంత్రం నేనొచ్చాక మా అబ్బాయి అదే వేసుకుని ట్యూషన్‌కు పోతాడు, ఇంటర్ రెండో సంవత్సరం. నెలకు పెట్రోలుకే 2,200 అవుతోంది. ఎలక్ట్రిక్ సైకిల్ కొందామని షాపుకు వెళితే చిన్న బ్యాటరీది 36 వేలు, పెద్ద బ్యాటరీది 39 వేలు చెప్పారు. చిన్నది కిస్తీల్లో అయితే నెలకు 3,250 చొప్పున 12 నెలలు, వడ్డీ లేదన్నారు. ఫైలు ఖర్చు 590. బ్యాంకులో 20 వేలున్నాయి. లక్ష రూపాయల చీటీ వేశాను, 20 నెలలది, తొమ్మిది కట్టాను. కిస్తీలకు తీసుకోమంటారా, చీటీ పాడమంటారా, నగ కుదువ పెట్టమంటారా? సబ్సిడీ గానీ పన్ను మినహాయింపు గానీ వస్తుందా?

జవాబు: అమ్మా, సైకిల్ కొనుక్కోండి. పెద్ద బ్యాటరీదే కొనండి. కాకపోతే ఒక ఆర్నెల్లు ఆగి కొనండి. చీటీ జోలికి వెళ్లొద్దు, షాపువాళ్ల కిస్తీలు అసలే వద్దు.

ముందు మీ పెట్రోలు లెక్క చూద్దాం. రోజుకు 20 కిలోమీటర్లు, నెలకు 25 రోజులంటే 500 కిలోమీటర్లు. పాత స్కూటర్ లీటరుకు 45 ఇస్తుందనుకుంటే 11 లీటర్లు. లీటరు 110 చొప్పున 1,220 రూపాయలు. మీరు రాసింది 2,200. మిగతా వెయ్యి దాకా ఎక్కడ పోతోంది? జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. సాయంత్రం అబ్బాయి తీసుకెళ్తున్నాడు. ట్యూషన్‌కు పోను రాను ఎనిమిది కిలోమీటర్లు, నెలకు 26 రోజులు అనుకుందాం, 510 రూపాయలు. తక్కినది స్నేహితులతో తిరగడానికో, బజారు పనులకో అయిపోతోంది. మీరు సైకిల్ కొనుక్కుని స్కూటర్ ఇంట్లో ఉంచితే మీ 1,220 మాత్రమే తగ్గుతుంది. ఇంకా చెప్పాలంటే, పగలంతా స్కూటర్ ఖాళీగా కనబడుతుంది కాబట్టి అబ్బాయి ఖర్చు పెరిగినా ఆశ్చర్యం లేదు.

పైసల కంటే ముందు ఇంకో మాట. ఇంటర్ రెండో సంవత్సరమంటే పిల్లాడికి పదిహేడేళ్లు ఉంటాయి. గేర్లు లేకపోయినా సరే, ఆ స్కూటర్ నడపడానికి పద్దెనిమిది నిండాలి, లైసెన్స్ ఉండాలి. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక మైనరు బండి నడుపుతూ దొరికితే శిక్ష పెద్దవాళ్లకు కూడా పడుతుంది. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇవన్నీ ఒక ఎత్తు. ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ ముందు బాధితులకు కట్టినా, ఆ డబ్బు తిరిగి మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు దానికి వస్తుంది. నెలకు 33 వేలతో నడిచే సంసారం అలాంటి దెబ్బకు తట్టుకోలేదు. అబ్బాయికి ఇప్పటికే పద్దెనిమిది నిండి లైసెన్స్ ఉంటే ఈ మాట వదిలేయండి. లేకపోతే ఈ సాయంత్రం నుంచే తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. సైకిల్ వచ్చేదాకా ఆర్నెల్లూ ఆటోకో సిటీ బస్సుకో ఇచ్చి పంపండి.

అందుకే ఎలక్ట్రిక్ సైకిల్‌ను మీ ఒక్కరి ప్రయాణానికి కాదు, ఇద్దరికీ కలిపి లెక్క వేస్తున్నాను. మోటారు 250 వాట్లకు లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగా చూడదు. రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ అక్కర్లేదు. పదిహేడేళ్ల పిల్లాడు ధైర్యంగా తొక్కుకోవచ్చు. ఉదయం మీరు, సాయంత్రం వాడు. మొత్తం 28 కిలోమీటర్లు. చిన్న బ్యాటరీ ఇంత దూరానికి చాలీచాలకుండా ఉంటుంది. మధ్యలో గంట సేపు చార్జింగ్ పెట్టడానికి టైము దొరకదు, దొరికినా పెట్టకూడదు. ఆ సంగతి కిందికి వస్తుంది. పెద్దది, అంటే 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్‌కు అటూఇటూ ఉన్నది అయితే, మీరు కాస్త పెడల్ తొక్కుతుంటే హాయిగా సరిపోతుంది.

ఇక అసలు ఖర్చు. కరెంటు గురించి ఆలోచించనక్కర్లేదు. ఇద్దరూ తిరిగినా నెలకు తొమ్మిది యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా 55 లోపే. షాపువాళ్లు ఈ అంకె ఒక్కటే చూపించి కిలోమీటరుకు పది పైసలు కూడా పడదంటారు. అది నిజమే. బ్యాటరీ అరుగుదల మాత్రం చెప్పరు. లిథియం బ్యాటరీ ఒకసారి పూర్తిగా ఖాళీ అయి నిండితే ఒక చుట్టు అనుకోండి. ఇలాంటివి మామూలుగా 500 నుంచి 800 చుట్లు తిరిగేసరికి బలం తగ్గిపోతాయి. మీ వాడకానికి రోజుకు ముప్పావు చుట్టు, నెలకు 20. అంటే 600 చుట్లకు రెండున్నరేళ్లు. అప్పుడు కొత్త బ్యాటరీకి 14 వేలు పెట్టాల్సి వస్తే, ఈ రోజు నుంచే నెలకు 470 దాని కింద ఖర్చయిపోతున్నట్టు. టైర్లు, బ్రేకులు, పంక్చర్లకు 150. పెట్రోలులో మీ 1,220, అబ్బాయి 510 కలిపి మిగిలే 1,730 లోంచి ఇవన్నీ తీసేస్తే నికరంగా చేతికి వచ్చేది 1,050. 39 వేలలో బ్యాటరీ 14 వేలు పోను తక్కిన 25 వేలు రెండేళ్లలో తిరిగొస్తాయి. అదే మీరొక్కరే చిన్నది వాడితే నెలకు మిగిలేది 660, మూడేళ్లు పడుతుంది. మూడు వేలు ఎక్కువైనా పెద్దదే మేలని అందుకే అన్నాను.

ఈ బ్యాటరీ సంగతి నాకు లెక్కల వల్ల తెలియలేదు. 2021లో నేనూ ఒకటి కొన్నాను. వేసవిలో మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి బ్యాటరీ ఊడదీస్తే పెట్టె చుర్రుమని చేతికి తగిలేది. అలాగే తెచ్చి హాల్లో కిటికీ పక్కన చార్జింగ్ పెట్టేవాణ్ని, రాత్రి పడుకునేదాకా పట్టించుకునేవాణ్ని కాదు. కొత్తలో ఒక చార్జింగుకు 32 కిలోమీటర్లు వచ్చేది. రెండు వేసవులు గడిచేసరికి 19కి పడిపోయింది. కొత్త బ్యాటరీకి 12,500 అయింది. డబ్బు కట్టాక కూడా 40 రోజులు ఎదురుచూశాను, ఎందుకంటే ఆ మోడల్ తయారీ ఆపేశారట. ఆ 40 రోజులూ సైకిల్ గోడకు ఆనించి ఉంది, నేను పెట్రోలు కొట్టించుకుంటూ తిరిగాను.

వేడిగా ఉన్న బ్యాటరీకి చార్జింగ్ పెట్టడం దాని ఆయుష్షును తినేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? కాలేజీలో సైకిల్ చెట్టు కిందో షెడ్డులోనో పెట్టండి, కుదిరితే బ్యాటరీ తీసి ఆఫీసులో మీ బల్ల కింద పెట్టుకోండి. సాయంత్రం అబ్బాయి తిరిగొచ్చాక రాత్రంతా చల్లారనివ్వండి. తెల్లవారుజామున నాలుగున్నరకు, అయిదుకు లేస్తారు కదా, పొయ్యి వెలిగించేటప్పుడు చార్జింగ్ పెట్టండి. పగలూ రాత్రీ కలిపి చూస్తే అదే చల్లటి వేళ, పైగా ఇంట్లో మనుషులు మెలకువగా ఉంటారు. నాలుగు గంటల్లో దాదాపు నిండుతుంది, బయల్దేరేముందు తీసేయండి. దాని సొంత చార్జర్ తప్ప వేరేది వాడొద్దు. సెలవుల్లో ఊరికి పోతే సగం చార్జింగు మీద వదిలి వెళ్లండి. ఈ మాత్రం శ్రద్ధతో బ్యాటరీ ఇంకో ఏడాది నడిచినా మీ నెల ఖర్చు వంద రూపాయల పైన తగ్గుతుంది.

ఇప్పుడు అప్పు సంగతి. వడ్డీ లేదన్నారు. నగదుకు 36 వేలు, కిస్తీలకు 39 వేలు, పైన 590. ఆ 3,590 ఏమిటి మరి? పేరు మార్చిన వడ్డీయే. మొత్తానికి పది శాతమేగా అనిపిస్తుంది. కానీ మొదటి నెల నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నారు కదా, ఏడాది పొడవునా మీ దగ్గర 36 వేలు ఉండవు, సగటున అందులో సగం ఉంటుంది. ఆ లెక్కన చూస్తే నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ పడుతోంది. ఏడాదికి 18 శాతం. ఈ సున్నా వడ్డీ పథకాల మీద రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది, సున్నా వడ్డీ అనేదే ఉండదని చెప్పింది. రూపాయిన్నర వడ్డీకి అప్పు తెచ్చి సైకిల్ కొంటావా అని మీ అమ్మగారు అడిగితే మీరేం చెబుతారో నాకూ అదే చెప్పండి.

చీటీ ఎందుకు వద్దంటున్నానంటే, మీకు కావలసింది 39 వేలు, పాడితే చేతికొచ్చేది అంతకు రెట్టింపు. పదో నెలలో పాటలో వదులుకునే మొత్తం ఒక నష్టం. చేతిలో మిగిలిపోయిన డబ్బు నెల తిరిగేలోగా ఏ పండగకో, ఏ ఫ్రిజ్జుకో పోవడం రెండో నష్టం. చివరిదాకా ఉంచి ఎత్తుకోండి, అది అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజుకు అక్కరకొస్తుంది. బ్యాంకులో ఉన్న 20 వేలు కూడా తీయొద్దు. మీ ఇంటికి ఆస్పత్రి ఖర్చు వస్తే ఉన్న దిక్కు అదొక్కటే.

మరి ఎలా కొనాలి? షాపుకు కట్టాలనుకున్న 3,250 మీ బ్యాంకులోనే ఆర్నెల్ల రికరింగ్ డిపాజిట్‌గా కట్టుకోండి. 19,500 అవుతుంది, కొద్దిగా వడ్డీ వస్తుంది. తక్కిన సగానికి నగను బ్యాంకులో కుదువ పెట్టండి. బయట వడ్డీ వ్యాపారి దగ్గర వద్దు. బ్యాంకులో నూటికి ముప్పావలా వడ్డీకి అటూఇటూగా దొరుకుతుంది. మళ్లీ ఆర్నెల్లు అదే 3,250 కట్టి నగ విడిపించుకోండి. వడ్డీ మొత్తం ఐదారు వందలు దాటదు. ఈ ఆర్నెల్లలో ఒక్క నెలైనా 3,250 తీయలేకపోతే, కిస్తీలు కూడా కట్టలేకపోయేవారని ముందే తెలిసిపోతుంది. ఆగితే ఆర్నెల్ల పెట్రోలు ఆదా పోతుంది కదా అనుకోవద్దు. మీ వాడకంలో బ్యాటరీని ముఖ్యంగా అరగదీసేది తిరిగిన దూరమే. ఆలస్యంగా మొదలైతే ఆలస్యంగా అరుగుతుంది.

కేంద్రం సబ్సిడీ రాదు. అది పెట్టింది రిజిస్ట్రేషన్ అయ్యే బండ్లకే. ఎలక్ట్రిక్ బండి అప్పు వడ్డీ మీద ఆదాయపు పన్నులో ఇచ్చిన 80ఈఈబీ సెక్షన్ మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే. ఆ పేరుతో ఎవరైనా ఆశపెడితే నమ్మొద్దు.

కొనేటప్పుడు బిల్లు మీద బ్యాటరీ నంబరు రాయించండి, బ్యాటరీకి గ్యారంటీ ఎన్ని నెలలో విడిగా రాయించండి. బ్యాటరీ మీదా చార్జర్ మీదా బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, నంబరు ఉన్నాయా చూడండి. విడి బ్యాటరీ ఇప్పుడు ఎంతకు ఇస్తారో, ఎన్నాళ్లలో తెప్పిస్తారో అడగండి. తడుముకుంటే ఆ షాపు వదిలేయండి, నేను ఆ ప్రశ్న అడగకే 40 రోజులు పోగొట్టుకున్నాను. ఒక తీగ పీకేస్తే 35, 40 వేగం పోతుందని కొందరు చెబుతారు. అబ్బాయి ముందు చెబితే వాడికి నచ్చుతుంది కూడా. కానీ 25 దాటిన రోజు నుంచి అది రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు బండి. ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మొత్తం మీ ఇంటి మీద పడుతుంది.

వెనక చక్రంలో మోటారు ఉంటుంది కాబట్టి పంక్చర్ అయితే కొందరు మెకానిక్కులు ముట్టుకోరు. చక్రం విప్పక్కర్లేదు, టైరును ఒక పక్క నుంచి తప్పించి ట్యూబు బయటికి లాగితే చాలు. మీ వీధిలో ఆ పని చేసేవాళ్లెవరో కొనకముందే కనుక్కోండి, పల్లేరు ముళ్లు మన దారుల్లో దండిగా ఉంటాయి. ఎప్పుడైనా చక్రం విప్పాల్సి వస్తే ఉంటుంది, ఇరుసు నట్టుకు సరిపోయే పానా ఒకటి సంచిలో ఉంచుకోండి. చట్టం అడగకపోయినా ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోండి. పెద్ద రోడ్డు మీద లారీల పక్కన 25 వేగంతో పోవడం చిన్న విషయం కాదు, వెనక ఎర్రలైటు పగలు కూడా వెలిగించుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమా మీకూ మీ ఆయనకూ లేకపోతే బ్యాంకులో సంతకం పెట్టి రండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే రెండు లక్షలు ఇస్తారు.

కొన్న రోజు నుంచి నెలకు 470 వేరే డిపాజిట్‌లో పడేలా బ్యాంకుకు చెప్పేయండి. అది కొత్త బ్యాటరీ డబ్బు, దాన్ని వేరే దేనికీ వాడొద్దు. డబ్బు కట్టేముందు షాపువాళ్లను అడిగి ఒక పూట సైకిల్ తీసుకెళ్లండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాదు. ఆషాఢం గాలి ఎదురుగా కొట్టే రోజు సాయంత్రం, కాలేజీ నుంచి పాతూరు దాకా మీ మామూలు సంచితో తొక్కి చూడండి. ఇంటికొచ్చాక బ్యాటరీలో ఎన్ని గీతలు మిగిలాయో నాకు రాయండి, లెక్క మళ్లీ వేసి చెబుతాను.