ఎండలు ముదరకముందే ట్రైలర్ లారీ సంగతి చూసుకో అల్లుడూ

అల్లుడూ, నువ్వు సెకండ్ హ్యాండ్‌లో ట్రైలర్ తీసుకున్నావని, వైజాగ్ స్టీల్ ప్లాంట్ నుంచి హైదరాబాద్‌కి లోడ్లు తోలుతున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం రా. కాకపోతే బండి నీ చేతికొచ్చింది చలికాలంలో, అసలు ఎండ ఇంకా చూడలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మధ్యాహ్నం రెండింటికి నందిగామ దాటి సూర్యాపేట వైపు లోడుతో పోతుంటే ఆ మాట ఎందుకన్నారో తెలుస్తది. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

అందరూ ఇంజన్నే చూస్తారు, వెనకున్న ట్రాలీని ఎవరూ పట్టించుకోరు, దానికి ఇంజన్ లేదు కదా ఏమవుద్దిలే అనుకుంటారు. నాకు ఎండాకాలంలో పెద్ద దెబ్బ తగిలింది ట్రాలీ దగ్గరే. మే నెలలో కోదాడ దాటాక అద్దంలో చూస్తే ట్రాలీ రెండో యాక్సిల్ దగ్గర పొగ, దిగి చూసేసరికి డ్రమ్ము ఎర్రగా కాలిపోయి లోపలి టైరు అంటుకుంటోంది. ఏం జరిగిందంటే గాలి ప్రెషర్‌తో బ్రేకుని నడిపే డబ్బా, అదే బ్రేక్ ఛాంబర్ దగ్గర గాలి లీకవుతోంది, గాలి తగ్గేసరికి లోపల స్ప్రింగు బ్రేకుని సగం పట్టేసింది, నేనేమో లోడు బరువుకి బండి లాగట్లేదనుకుని యాక్సిలరేటర్ తొక్కుతూ పోయా. క్యాబిన్‌లో ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఉండబట్టి, ఫైర్ సిలిండర్ పని చేయబట్టి బతికిపోయాం. అప్పట్నుంచీ బండి ఆపిన ప్రతిచోటా చుట్టూ తిరిగి చక్రం నడిమినుండే ప్రతి హబ్బు దగ్గరా చెయ్యి పెట్టి చూసేవాణ్ణి, ఆనించకు రా కాలుద్ది, కొంచెం దూరంలో పెడితేనే సెగ తెలుస్తది. అన్నీ ఒకేలా వేడిగా ఉంటే పర్లేదు, ఒక్కటి మాత్రం మిగతావాటికన్నా ఎక్కువ కాలుతోందంటే బ్రేకు పట్టేసినా పట్టేసుండాలి, బేరింగ్‌లో గ్రీజు ఎండిపోయినా ఉండాలి, అది తేలకుండా బండి కదిలించకు.

టైర్ల సంగతి ఇంకా ముఖ్యం. గాలి తెల్లవారుజామున బండి కదలకముందే గేజితో చూడాలి. నడిచిన టైర్లో వేడికి గాలి ప్రెషర్ పెరుగుతుంది, అది మామూలే, దాన్ని చూసి గాలి ఎక్కువైందని మధ్యాహ్నం దాబా దగ్గర వదిలేసేవాళ్లున్నారు, ఆ పని అస్సలు చెయ్యొద్దు. చల్లారాక ఆ టైర్లో గాలి తక్కువైపోద్ది, గాలి తక్కువున్న టైరు పక్కలు ప్రతి చుట్టుకీ వంగి లేస్తుంటాయి, దాంతో లోపల వేడి పుట్టి బరస్ట్ అయ్యేది అదే. క్లీనర్ సుత్తితో కొట్టి బాగుందంటాడు, సుత్తికి పూర్తిగా దిగిపోయిన టైరే దొరుకుద్ది, ఇరవై పౌండ్లు తక్కువున్న టైరు దొరకదు. జంట టైర్లలో లోపలిదానికి వంగోవడం కష్టమని వదిలేస్తారు, వాల్వుకి ఎక్స్‌టెన్షన్ వేయించుకో. రెండిటి మధ్య ఇరుక్కున్న రాయి తీసెయ్. పాత టైరు మీద కొత్త రబ్బరు అతికించిన రీట్రేడ్ టైర్లు ముందు చక్రాలకి వద్దే వద్దు.

ఇంజన్ విషయానికొస్తే రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకు, పక్కు పట్టి ట్యూబులు మూసుకుపోతాయి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ కంపెనీ చెప్పిన లెక్కలో కలిపి పోయి. రేడియేటర్ మూతకున్న రబ్బరు చూడు, అది పోతే ప్రెషర్ నిలవక నీళ్లు తొందరగా మరుగుతాయి. రేడియేటర్‌కీ దాని ముందు ఇంజన్లోకి పోయే గాలిని చల్లార్చడానికున్న ఇంటర్‌కూలర్‌కీ మధ్య దుమ్ము, పురుగులు, గడ్డి పేరుకుంటాయి, ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు మెల్లగా కొట్టి కడిగించు, జోరుగా కొడితే రెక్కలు వంగిపోతాయి. వేడెక్కుతోందని, నీళ్ల వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాట్ వాల్వు తీసేద్దామంటాడు ఎవడో మెకానిక్, ఒప్పుకోకు, ఫ్యాను బెల్టూ ఫ్యాను క్లచ్చూ చూడమను. దారిలో టెంపరేచర్ ముల్లు పైకి పోతే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపకుండా కాసేపు స్లోలో ఉంచు, నీళ్లు కారిపోయుంటే మాత్రం వెంటనే ఆపెయ్. మూత వేడి మీద తీయకు. కాలిపోతున్న ఇంజన్ మీద చల్ల నీళ్లు గుమ్మరించకు, హెడ్ పగులుద్ది.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ వారానికోసారి చూడు, ఎండకి తొందరగా తగ్గుద్ది. నీది పొగ తగ్గించే రూల్ ప్రకారం చేసిన బీఎస్ 6 బండి, పొగని శుభ్రం చేయడానికి యూరియా నీళ్లు పోస్తారు కదా, ఆ యాడ్‌బ్లూ బకెట్ ఎండలో పెట్టకు, వేడికి పాడైపోద్ది. డీజిల్ అంచు దాకా కొట్టించి ఎండలో నిలబెట్టకు, ఉబ్బి కారుద్ది. ఇంకో సంగతి, ట్రాలీ విడదీసి నిలబెట్టేటప్పుడు దాని ముందు కాళ్ల కింద మందపాటి చెక్కలు వెయ్యి, మెత్తబడ్డ తారులో కాళ్లు దిగబడి లోడుతో సహా పక్కకి ఒరిగిపోద్ది.

నీ సంగతి కూడా చూసుకో రా. పన్నెండు నుంచి నాలుగు దాకా చెట్టు కింద ఆపి పడుకో, లోడు పార్టీ అరిస్తే అరవనీ, రాత్రి తోలుకో, టైర్లకీ అదే మంచిది. క్లీనర్ కుర్రాడికీ నీకూ సరిపడా నీళ్లు, మజ్జిగ, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు క్యాబిన్‌లో ఉండాలి. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకి క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు, నీది పాతది కాబట్టి పైకప్పుకి లోపల థర్మాకోల్ కాకుండా మంటంటుకోని షీటు వేయించు.

వచ్చే లోడు దింపి తిరిగొచ్చేటప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక రోజు ఆగు, ట్రాలీ హబ్బులన్నీ విప్పించి కొత్త గ్రీజు వేయిద్దాం, ముందురోజు ఫోన్ చెయ్యి, నేను పొద్దున్నే వచ్చి పక్కనుంటా.

మీ మావయ్య