తెలుగు సీరియళ్లలో నటన నిజంగానే బలహీనమా?

సినిమాతో పోలిస్తే సీరియళ్లలో నటన ఎందుకు తేలిపోతుంది, తెలుగు బుల్లితెరపై మంచి నటన అని చెప్పుకోదగినది అసలు ఉందా అని అడిగారు. ఉంది. ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదితో కూర్చుని సీరియళ్లు చూసిన ప్రేక్షకుడిగా నా అభిప్రాయం ఏమిటంటే, మనకు నటులకు కొదవ లేదు. వారికి నటించే వ్యవధి ఇచ్చే సీరియళ్లకే కొదవ.

ఒక మాట పడగానే గదిలో ఉన్న ప్రతి ముఖంపైకీ కెమెరా దూసుకుపోవడం, వెనక సంగీతం హోరెత్తడం మీరూ చూసే ఉంటారు. దీనికి కారణం నాకు మా ఇంట్లోనే అర్థమైంది. మా అమ్మ వంటింట్లో పని చేసుకుంటూ, హాల్లో మోగుతున్న సీరియల్‌ను చెవితోనే అనుసరించేది. పోపు వేసి బయటికి వచ్చాక ఎవరు ఎవరిని ఏమన్నారో తెర ముందు కూర్చున్న నాకే చెప్పేది. ఇలా వింటూ కథ పట్టుకునే ప్రేక్షకుల కోసం మనసులోని మాట కూడా పైకి అనిపించాల్సి వస్తుంది, దాంతో నటుడి ముఖానికి చేయడానికి పని మిగలదు. దానికి తోడు రోజుకో ఎపిసోడ్ ప్రసారమయ్యే ఒత్తిడి, పక్కనుంచి ప్రాంప్టింగ్ అందుకుని చెప్పే సంభాషణలు, తర్వాత వేరొకరు చెప్పే డబ్బింగ్.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా ప్రేమి విశ్వనాథ్ 'కార్తీకదీపం'లో దీప పాత్రను నిలబెట్టారు. 2017 నుంచి 2023 వరకు స్టార్ మాలో వచ్చిన ఈ సీరియల్‌కు మాతృక మలయాళ 'కరుత్తముత్తు'. అక్కడా ఆ పాత్ర ఆవిడదే. భర్త నింద వేసినప్పుడు ఏడుపు కన్నా ముందు ఆవిడ కళ్లలో కోపం కనిపించేది, అందుకే వంటలక్కగా పేరుపడ్డ దీప జాలిపడాల్సిన మనిషిగా కాక గౌరవించాల్సిన మనిషిగా ప్రతి ఇంట్లోనూ నిలిచిపోయింది. తెలుగులో ఆ పాత్రకు గొంతు ఇచ్చిన కళాకారిణికీ ఆ పేరులో సగం దక్కాలి. అయితే పిల్లల తండ్రి ఎవరన్న, ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయే అనుమానాన్ని ఏళ్లకేళ్లు సాగదీయడం వల్ల దీప భర్త డాక్టర్ బాబుగా నిరుపమ్ పరిటాలకు ఒకే భావాన్ని మళ్లీ మళ్లీ పలికించే పరిస్థితి వచ్చింది. నలుపు రంగు కారణంగా అవమానాలు పడే స్త్రీ కథ చెబుతూ, నటికి మేకప్‌తో రంగు తగ్గించడం కూడా నాకు మింగుడుపడలేదు. ఆ ఛాయ సహజంగా ఉన్న నటికే ఆ అవకాశం దక్కి ఉంటే కథకు మరింత బలం వచ్చేది.

దర్శకురాలు మంజులా నాయుడు గారి 'చక్రవాకం', 'మొగలి రేకులు' కూడా సాగినవే, కానీ వాటిలో ఇంద్రనీల్ వంటి నటులు గొంతు పెంచకుండానే సన్నివేశాన్ని నడిపించారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎత్తున ఉన్నది 'అమృతం'. 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వారానికి ఒక్కసారే వచ్చిన గుణ్ణం గంగరాజు గారి ఈ హాస్య ధారావాహికలో అమృతరావుగా శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ నటించారు. కథానాయకుడు మారితే ఏ సీరియలైనా చతికిలపడుతుంది, ఇది మాత్రం పడలేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారు పక్కన స్థిరంగా ఉండటమే అందుకు కారణమని నా నమ్మకం. ఆయన గొప్పతనమంతా ఎదుటివారి మాట వినడంలో ఉంది. అమృతరావు కొంప ముంచే ఆలోచన ఒకటి ఉత్సాహంగా చెబుతుంటే, ముందు సందేహం, ఆ తర్వాత భయం, చివరికి స్నేహితుడి కోసం లొంగిపోవడం వరుసగా ఆ ముఖంలో కదిలేవి. ఎదుట ఏ అమృతరావు ఉన్నా ఆ శ్రద్ధ మారలేదు. సర్వంగా వాసు ఇంటూరి, అప్పాజీగా శివన్నారాయణ కూడా నవ్వించాలన్న తాపత్రయం లేకుండానే నవ్వించారు.

హనుమంతరావు గారు 2018లో కన్నుమూశారు. 2020లో దీని కొనసాగింపుగా 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు ఎల్.బి. శ్రీరామ్ గారు ఆ పాత్ర పోషించారు. ఆయన అనుభవం మీద నాకు ఎంతో గౌరవం ఉన్నా, హర్షవర్ధన్, హనుమంతరావుల మధ్య ఏళ్ల తరబడి కుదిరిన లయ అందులో నాకు దొరకలేదు. మీరు కొత్తగా చూడాలనుకుంటే పాత ఎపిసోడ్లతోనే మొదలుపెట్టండి, అవి యూట్యూబ్‌లో ఉన్నాయి.