బోయ్‌ల ఓడ ఎక్కుతానంటున్న అమ్మాయి: చిత్తూరు తల్లికి జవాబు

ప్రశ్న: మా పాప తిరుపతిలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీకి ఎవరో సైంటిస్టు వచ్చి సముద్రంలో తేలే బోయ్‌ల గురించి చెప్పారట. అప్పటినుంచి ఓడ మీద పోయి వాటిని బాగుచేసే పని చేస్తానంటోంది. వాళ్ళ నాయన బ్యాంక్ కోచింగ్‌లో చేర్పిద్దామంటున్నారు. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఆడపిల్ల నెలల తరబడి సముద్రం మీద ఉండాలా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, చిత్తూరు)

అమ్మా, ఉద్యోగం ఉంది. దూరంగా కూడా లేదు. చెన్నై పల్లికరణైలో ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1993లో మొదలైంది. సముద్రంలో లంగరేసి ఉంచి గాలి, నీటి కొలతలు తీసే మన దేశపు బోయ్‌ల కార్యక్రమం 1996 నుంచి దాని చేతిలోనే నడుస్తోంది. ఆ బోయ్‌లు పంపే సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రానికి చేరుతుంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేది కూడా ఇన్‌కాయిసే.

ఈ పని ఎందుకు ముఖ్యమో ముందు వాళ్ళ నాయనకు తెలియాలి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు ఆయన మరిచిపోయి ఉండరు. ఆ వాన తెచ్చిన వాయుగుండం బంగాళాఖాతంలో పుట్టి, చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. అలాంటి వాయుగుండం కదులుతున్నప్పుడు నడిసముద్రంలో గాలి, పీడనం, అలల ఎత్తు కొలవడానికి అక్కడ మనిషి ఉండడు, బోయ్ ఉంటుంది. నీటి కింద 500 మీటర్ల దాకా వేడి, ఉప్పదనం ఎలా ఉన్నాయో, పై పొరల్లో ప్రవాహం ఎలా ఉందో కూడా అదే కొలిచి ఉపగ్రహం ద్వారా పంపుతుంది. ఉపగ్రహం పైనుంచి చూసేది నీటి పైపొరను మాత్రమే. తుఫానుకు బలమిచ్చే వేడి ఎంత లోతుదాకా ఉందో తెలియాలంటే నీటిలో పరికరం ఉండాల్సిందే.

ఆ పరికరాన్ని ఒకసారి వేసి వదిలేస్తే పనిచేయదు. బ్యాటరీ అయిపోతుంది. సెన్సర్ల మీద బార్నకిల్స్ అనే గుల్లల్లాంటి సముద్ర జీవులు పేరుకుని కొలతలు తప్పుతాయి. బోయ్ నీడన చేపలు చేరతాయి కాబట్టి పడవలు వచ్చి దానికే తాడు కడతాయి, ఒక్కోసారి సోలార్ పలకలు కూడా మాయమవుతాయి. అందుకే ఏడాదికోసారైనా ఓడ వెళ్ళి పాతది తీసి కొత్తది వేయాలి. వెళ్ళకపోతే ఏమవుతుందో పసిఫిక్‌లో చూశాం. ఎల్‌నినోను (పసిఫిక్ నీరు మామూలుకన్నా వేడెక్కడాన్ని) కనిపెట్టే అమెరికా వాళ్ళ బోయ్‌ల వరుసకు సేవలు చేసే ఓడను 2012లో పక్కన పెట్టారు. 2014 మొదటికల్లా ఆ వరుస నుంచి రావాల్సిన సమాచారంలో దాదాపు 40 శాతమే అందింది. బోయ్‌లు కొనడం కన్నా వాటి దగ్గరికి వేళకు వెళ్ళడమే కష్టమని నేను ఎవరికైనా చెప్పేది ఇందుకే.

ఇక మీ భయం సంగతి. పాప నెలల తరబడి సముద్రం మీద ఉండదు. ఒక ప్రయాణం సాధారణంగా రెండు, మూడు వారాలు. మిగతా నెలలన్నీ ఒడ్డు మీద ఆ ప్రయాణానికి ప్లాన్ వేయడం, పరికరాలు సరిచూడడం, తెచ్చిన సమాచారం శుభ్రం చేయడం. ఈ రంగంలో నిలబడేది అలలంటే మోజున్నవాళ్ళు కాదు, ప్లాన్ వేయగలిగినవాళ్ళు. పాపలో ఆ గుణం ఉందో లేదో చూడటమే మీరు ఇప్పుడు చేయాల్సిన పని.

ప్లాన్ అంటే ఏమిటో కాస్త వివరంగా చెబుతాను. హిందూ మహాసముద్రంలో రామా అనే బోయ్‌ల వరుస ఉంది. అమెరికా, భారత్ మరికొన్ని దేశాలతో కలిసి నడుపుతున్నాయి. అందులో 90 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద 15, 12, 8, 4 డిగ్రీల ఉత్తరాన బోయ్‌ల స్థానాలున్నాయి. చెన్నై నుంచి మొదటిదానికి సుమారు 575 నాటికల్ మైళ్ళు (ఒక నాటికల్ మైలు అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు). ఓడ గంటకు 10 నాటికల్ మైళ్ళు నడిస్తే రెండున్నర రోజులు. నాలుగూ చూసుకుని చెన్నైకి తిరిగి రావాలంటే ఎనిమిదిన్నర రోజులు ప్రయాణానికే పోతాయి. ఒక్కో బోయ్ దగ్గర ఒకటిన్నర రోజు వేసుకోండి. వాతావరణం కోసం రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. పదహారు, పదిహేడు రోజులయ్యాయి. మధ్యలో అల్పపీడనం వచ్చి మూడు రోజులు తినేసిందనుకోండి. ఏ బోయ్‌ను వదిలేయాలి? ఏడాది దాటినదాన్నా, నిన్నటిదాకా బాగా పనిచేస్తున్నదాన్నా, అప్పటికే మూగబోయినదాన్నా? ఈ జవాబు ఓడ కదలకముందే రాసి పెట్టుకోవాలి.

ఒక్క బోయ్‌కి ఒకటిన్నర రోజు ఎందుకని అడగవచ్చు. బంగాళాఖాతం నడుమ లోతు రెండు కిలోమీటర్లకు పైనే. పాత బోయ్‌ను తీయాలంటే ఓడ నుంచి నీటిలోకి శబ్ద సంకేతం పంపుతారు. అది అందగానే అడుగున ఉన్న పరికరం లంగరు బరువును వదిలేస్తుంది. తర్వాత కిలోమీటర్ల తాడును వించ్ అనే తాడు చుట్టే యంత్రంతో చుట్టాలి, దారిలో వచ్చే ఒక్కో సెన్సర్‌నూ విప్పి నంబరు రాసుకోవాలి. కొత్తది వేసేటప్పుడు ముందు బోయ్‌ను నీటిలోకి దించి, ఓడ మెల్లగా పోతుంటే తాడు వదులుతూ, చిట్టచివర లంగరు పడేస్తారు. అక్కడి లోతు కొలిచాకే తాడు పొడవు ఖాయం చేస్తారు. డెక్ మీద ఇదంతా పగటి వెలుగులో జరగాల్సిన పని. మధ్యాహ్నం మూడుకు చేరితే ఆ రోజు పోయినట్టే, అందుకే తెల్లవారేసరికి చేరేలా ఓడ వేగాన్ని కూడా ముందే లెక్కేస్తారు.

సామాన్ల జాబితా ఇంకో పెద్ద పని. నడిసముద్రంలో షాపు ఉండదు. ఒక షాకిల్‌కు (తాళ్ళను, గొలుసులను కలిపే ఇనుప కొక్కేనికి) వేసే చిన్న పిన్ను మరిచిపోతే లక్షల రూపాయల బోయ్ డెక్ మీదే ఉండిపోతుంది. మొదట వేసే బోయ్ సామాను చివర ఎక్కించాలి. తీసిన పాత బోయ్‌లకు డెక్ మీద చోటు చూసుకోవాలి. లిథియం బ్యాటరీలకు వేరే నియమాలున్నాయి. నావికులకు ముందుగా హెచ్చరిక జారీ చేయించాలి. వేరే దేశపు ఆర్థిక మండలంలో, అంటే ఆ దేశానికి హక్కులున్న సముద్ర భాగంలో పని ఉంటే ఆరు నెలల ముందే వాళ్ళకు రాసి అనుమతి కోరాలి. సెన్సర్ల గడియారాలన్నీ ఒకే సమయంలో పెట్టాలి. ఒకటి మన సమయంలో, ఒకటి గ్రీనిచ్ సమయంలో ఉంటే ఏడాది సమాచారంలో ఐదున్నర గంటల తేడా వచ్చేస్తుంది.

ఆడపిల్ల అన్న మాటకు వస్తాను. సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్, భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా 1983లో బయల్దేరిన మన యాత్రతో ఓడ మీద అంటార్కిటికా వెళ్ళారు. ఇవాళ మన పరిశోధక ఓడల మీద మహిళా సైంటిస్టులు ఎక్కడం వింత కాదు. అయినా ఇబ్బందులు లేవని చెప్పను. మొదటి రెండు, మూడు రోజులు కడుపులో తిప్పుతుంది, కొందరికి ఎన్ని ప్రయాణాలు చేసినా అలవాటు కాదు. ఫోన్ సిగ్నల్ ఉండదు. రోజూ రాత్రి మాట్లాడాలని మీరు పట్టుబడితే ఈ ఉద్యోగం మీ ఇద్దరికీ కష్టమే. దానికి మీరు కూడా సిద్ధపడాలి తల్లీ.

చదువు విషయంలో కంగారుపడి దారి మార్చకండి. ఎలక్ట్రానిక్స్ సరైన పునాదే. సెన్సర్, డేటా లాగర్ (కొలతలు నమోదు చేసే పరికరం), బ్యాటరీ తెలిసినవాళ్ళు బోయ్ పనికి కావాలి. సముద్రం వైపే పూర్తిగా వెళ్తానంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది, కొచ్చిన్ యూనివర్సిటీలో ఓషనోగ్రఫీ ఉంది. నా మటుకు ఇన్‌స్ట్రుమెంటేషన్ (కొలత పరికరాల విద్య) వైపు వెళ్ళి సముద్రాన్ని పనిలో నేర్చుకోవడమే మంచిదనిపిస్తుంది. ఎందుకంటే ఆ చేతిపని ఎక్కడైనా పనికొస్తుంది. మనకు పక్కనే గాదంకిలో ఎన్ఏఆర్ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధనశాల) ఉంది. అక్కడివి వాతావరణాన్ని కొలిచే రాడార్లు, సముద్రం ఉండదు. కానీ పరికరాన్ని రాత్రింబవళ్ళు నడిపించడం, కొలతలో తప్పు పట్టడం అక్కడా ఇదే విద్య. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు అక్కడ ప్రయత్నించమనండి.

జీతం గురించి వాళ్ళ నాయన అడుగుతారు. దాచకుండా చెబుతున్నాను. ఈ సంస్థల్లో మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలు, అంటే గడువున్న కాంట్రాక్టులు. తగిన పీజీ లేదా ఇంజినీరింగ్ అర్హతతో ప్రాజెక్ట్ సైంటిస్ట్ మొదటి మెట్టుకు నెలకు 56,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం ఇస్తున్నారు. శాశ్వత పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. బ్యాంకులో ఉండే భరోసా మొదటి ఏళ్ళలో ఇక్కడ ఉండదు. కాబట్టి ఆయన అడ్డం చెబుతున్నది ఊరికే కాదు. అయితే పాపకు ఇప్పుడు రెండో సంవత్సరమే, బ్యాంకు పరీక్షలు డిగ్రీ తర్వాత కూడా ఉంటాయి.

ఒక హెచ్చరిక. ‘ఓడ ఉద్యోగం’ అన్న మాట వినగానే డబ్బు అడిగే ఏజెంట్లు మన జిల్లాల్లో కూడా తిరుగుతున్నారు. వాళ్ళు చెప్పేది మర్చంట్ నేవీ గురించి, అది వేరే రంగం. పరిశోధక సంస్థల ఉద్యోగాలు వాళ్ళ సొంత వెబ్‌సైట్లలో నోటిఫికేషన్‌గా వస్తాయి. మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఈ సెలవుల్లో పాపకు ఒక పని ఇవ్వండి. రామా బోయ్‌ల సమాచారం అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పైన చెప్పిన నాలుగు స్థానాల్లో ఏది ఎప్పుడు మూగబోయిందో చూసి, చెన్నై నుంచి పదిహేడు రోజుల ప్రయాణానికి దారి గీయమనండి. ఏ రోజు ఎక్కడ, ఏ సామాను, మూడు రోజులు పోతే ఏది వదలాలి, ఎందుకు అన్నీ రాయాలి. నాలుగైదు పేజీలు చాలు. రాసింది నాకు పంపమనండి, చదివి ఆమెతోనే మాట్లాడతాను. రెండు రోజులకే విసుగొచ్చి పక్కన పడేస్తే మాత్రం బ్యాంక్ కోచింగ్ మాట నేనే ఎత్తుతాను.